ఎగువవాడి ధర్మం

నందిగాం గడ్డ మీద పుట్టిన అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా! ఊరంటే మనకు అభిమానం మెండు. పొరుగువాడు మన ఊరిని ఒక్క మాట అంటే ఊరుకోం. అమ్మవారి సంబరానికి ఎంత దూరాన ఉన్నా రైలెక్కి వచ్చేస్తాం. హైదరాబాదులో పనికి పోయినవాడూ, సరిహద్దులో కాపలా కాసేవాడూ, గల్ఫు ఎండలో చెమటోడ్చేవాడూ ఊరి పేరు వినగానే మెత్తబడతాడు. ఈ అభిమానాన్ని నేను తక్కువ చేయను. ఊరి మీద ప్రేమ లేనివాడు ఊరి కోసం ఏ పనీ చేయలేడు. అయితే అభిమానానికి ఒక కొలత ఉండాలి. మనకు దిగువన ఉన్నవాడికి మన చేతుల మీదుగా ఏం చేరుతోంది? నీరా, మురుగా? న్యాయమా, నష్టమా? ఊరి మర్యాదను నేను ఈ ప్రశ్నతోనే కొలుస్తాను. మీరూ దీనితోనే కొలవండని చేతులెత్తి అడుగుతున్నాను.

దిగువ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మనం శివారు మనుషులం. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, సుమారు 254 కిలోమీటర్లు నడిచి, కళింగపట్నం దగ్గర కడలిలో కలుస్తుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి బయలుదేరిన ఎడమ ప్రధాన కాలువ నూరు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. దాని కింద రాసిన ఆయకట్టు 1,48,000 ఎకరాల పైమాటే. ఆ కాలువ తోకన ఉన్నవి టెక్కలి, నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు పొలాలు. గొట్టా దగ్గర నీళ్లు వదిలారన్న వార్త మనం వింటాం. నీళ్లు మాత్రం మన మదుము దాకా ఎప్పుడు వస్తాయో, వస్తాయో రావో తెలియదు. నారు ముదురుతుంది. ఉభాలు ఆలస్యమవుతాయి. మేఘం వంక చూస్తూ ఎద చల్లినవాడు మళ్లీ విత్తనం కొనుక్కోవాలి. పూడిక, గుర్రపుడెక్క, విరిగిన షట్టరు, చాలని లస్కర్లు, వీటన్నిటికీ తోడు ఎగువన రాత్రివేళ గట్టు తెంపే చేతులు. శివారు రైతు కడుపుమంట అబద్ధం కాదు. అధికారుల దగ్గర, నాయకుల దగ్గర ఆ మంటను చెప్పుకోవడం మన హక్కు. చెప్పండి. గట్టిగా చెప్పండి.

అది చెప్పి ఇంటికి తిరిగి వచ్చాక ఒక్క క్షణం ఆగి మన పిల్లకాలువ వంక చూడండి. అక్కడ ఎగువవాడు ఎవరు? మనమే. కాలువకు అడ్డంగా మట్టి బస్తాలు వేసి నీరు నిలబెట్టుకున్నది ఎవరు? మోటారు దించి పైపు వేసుకున్నది ఎవరు? తన మడి నిండి పొర్లుతున్నా పక్క మడికి వదలనిది ఎవరు? గొట్టా నుంచి వచ్చే దారిలో పది ఊళ్లవాళ్లు మనకు చేసిన అన్యాయాన్నే, మనం ఆఖరి అరెకరం పేదవాడికి చేస్తున్నాం. ఆ పేదవాడు కలెక్టరు దగ్గరకు పోలేడు. మన వంక మాత్రమే చూస్తాడు. మనకు అన్యాయం జరిగిందన్న బాధ మనల్ని న్యాయవంతులను చేయాలి. అది మనకు దొంగతనానికి అనుమతిపత్రమైతే, మన బాధకు విలువ లేకుండా పోతుంది.

రాజ్యాలకు వర్తించిన ధర్మమే గట్టు మీదా వర్తిస్తుంది. వంశధార నీటిని చెరిసగం పంచుకోవాలని ఒడిశా, ఆంధ్రప్రదేశ్ 1962లో ఒప్పుకున్నాయి. ఆ తరువాత తగాదా పెరిగి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది. 2017 సెప్టెంబరు 13న తీర్పు వచ్చింది. నది ఒకరి సొత్తు కాదనీ, ముందు చేరినవాడు మొత్తం పట్టేసుకోవడానికి వీల్లేదనీ పెద్దపెద్ద న్యాయమూర్తులు ఏళ్ల తరబడి కూర్చుని తేల్చవలసి వచ్చింది. ఆ మాటను అర్థం చేసుకోవడానికి మన రెండు వీధుల మధ్య ట్రిబ్యునల్ కావాలా? మహేంద్రతనయ నది నీటితో పలాస, టెక్కలి, నందిగాం, మెళియాపుట్టి మండలాల్లో 24,600 ఎకరాలు తడపాలని రేగులపాడు దగ్గర ఆఫ్‌షోర్ జలాశయానికి 2008లో పునాదిరాయి వేశారు. ఆ పని ఏళ్లకేళ్లు సాగింది. జలాశయం మన చేతిలో లేనిది. పిల్లకాలువ మన చేతిలో ఉన్నది. చేతిలో లేనిదాన్ని అడుగుతూనే ఉందాం. చేతిలో ఉన్నదాన్ని ఈ రోజే సరిచేసుకుందాం.

ఇక చెరువుల సంగతి. ఇది చెప్పేటప్పుడు నా మాట కటువుగా ఉంటుంది, మన్నించండి. మన పూర్వులు సప్తసంతానాలని ఏడింటిని చెప్పి, వాటిలో తటాకాన్ని కొడుకుతో సమానంగా నిలిపారు. భారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజును కుశలప్రశ్నలు అడుగుతూ, నీ రాజ్యంలో చెరువులు నిండి ఉన్నాయా, సేద్యం వానదేవుడి దయ మీదే ఆధారపడి లేదు కదా అని అడుగుతాడు. సేనలు ఎన్ని, ఏనుగులు ఎన్ని అన్న ప్రశ్నల పక్కనే ఈ ప్రశ్న. రాజు యోగ్యతకు చెరువు నీళ్లు ఒక సాక్ష్యం. ఇప్పుడు రాజు లేడు. పంచాయతీ ఉంది, మనం ఉన్నాం. నారదుడు ఈ రోజు మన రచ్చబండ దగ్గరకు వచ్చి అదే ప్రశ్న వేస్తే ఏం చెబుతాం?

చెరువు గర్భంలోకి ఏటా ఒక చాలు లోపలికి జరుగుతుంది. ముందు కళ్లం అంటారు, తరువాత పశువుల పాక అంటారు, ఆపైన సిమెంటు స్తంభం పాతుతారు. కొండ మీది నుంచి చెరువులోకి నీరు తెచ్చే గెడ్డ మీద ఇటుకల గోడ లేస్తుంది. బందలు చెత్తకుప్పలవుతాయి. చెరువు చచ్చిపోయాక బోరు వేయమని అర్జీ పెడతాం. బోరు ఎండిపోయాక ఇంకా లోతుకు దించమని మరో అర్జీ. ఆక్రమించినవాడు పరాయివాడు కాడు. మన బంధువు, మన కులంవాడు, మన పార్టీవాడు. అందుకే నోరు మూసుకుంటాం. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఊరి ఉమ్మడి భూములను, చెరువులను ఆక్రమించినవారిని ఖాళీ చేయించే పథకాలు వేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఎంతకాలంగా అనుభవిస్తున్నారు, ఎంత ఖర్చు పెట్టి కట్టుకున్నారు అన్నది సాకు కాబోదని చెప్పింది. 2002లో వచ్చిన వాల్టా చట్టం నీటినీ చెట్టునూ కాపాడమనే చెబుతోంది. చట్టం మన పక్షాన ఉంది. మనమే చట్టం పక్షాన నిలబడలేదు.

ఆక్రమించిన అన్నకు నా విన్నపం ఇది: కోర్టు కాగితం వచ్చేదాకా, ఎవరో వచ్చి కొలిచేదాకా ఎదురుచూడకు. నీ అంతట నువ్వే వెనక్కి జరుగు. వదిలిన నాలుగు సెంట్లు నిన్ను పేదవాణ్ణి చేయవు. నీ కొడుకు రేపు అదే చెరువు గట్టు మీద తలెత్తుకుని నడుస్తాడు.

మన తూర్పున ఉద్దానం ఉంది. కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలతో చల్లగా ఉన్న ఆ ఇసుక నేల ఎన్నో ఏళ్లుగా కిడ్నీ రోగంతో కుమిలిపోతోంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇల్లు ఇల్లుకూ కాకపోయినా వీధి వీధికీ ఆ దుఃఖం తెలుసు. దేశంలోని, విదేశాల్లోని వైద్యపరిశోధకులు వచ్చి రక్తం, మూత్రం, నీరు, మట్టి పరీక్షించారు. మూలకారణం ఇదేనని ఇదమిత్థంగా తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి శుద్ధి చేసిన వంశధార నీటిని ఉద్దానానికి తీసుకువచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. ప్రభుత్వాలు చేయవలసింది ప్రభుత్వాలు చేస్తాయి, చేయకపోతే అడుగుతాం.

మనం చేయవలసింది వేరే ఉంది. ఉద్దానం పిల్ల అంటే సంబంధం వద్దంటున్న ఇళ్లు ఉన్నాయి. ఉద్దానం అబ్బాయి అంటే పెదవి విరిచే పెద్దలు ఉన్నారు. తండ్రికి డయాలసిస్ జరుగుతోందని కూతురి పెళ్లి ఆగిపోతోంది. ఈ పాపం నీటిలో లేదు, మట్టిలో లేదు, మన నాలుక మీద ఉంది. రోగాన్ని పంచుకోలేం. రోగి ఇంటి పరువును కాపాడగలం. డయాలసిస్‌కు పోయేవాడు వారంలో రెండు మూడు రోజుల కూలి పోగొట్టుకుంటాడు. ఆటో ఖర్చు అదనం. అతనికి తోడుగా పోవలసిన ఇల్లాలికీ ఆ రోజు కూలి లేదు. పలాస వైపు బండి మీద పోయే యువకుల్లారా, మీ వెనక సీటు ఖాళీగా ఉన్న రోజున ఆ మనిషి ఇంటి ముందు ఒకసారి ఆగండి. ఊరి పేరు బండి మీద రాయించుకున్నందుకు చేయవలసిన మొదటి పని అది.

మన పేరును దేశమంతా తీసుకుపోయింది పలాస జీడిపప్పు. ఆ పప్పును చూసి మనం గర్వపడతాం. పప్పు వెనక ఉన్న చేతులను చూశామా? పిక్కలు కాల్చి, పెంకు ఒలిచి, పొర తీసి, గుండు విరగకుండా ఏరే పని దాదాపు అంతా ఆడవాళ్లదే. పెంకులోని నూనె తగిలి వేళ్లు నల్లబడతాయి, చర్మం ఊడుతుంది. ఆ వేళ్లతోనే ఇంటికి వచ్చి అన్నం కలిపి పిల్లలకు పెడతారు. బట్టీ పొగ కాశీబుగ్గ ఇళ్ల మీద పరుచుకుంటుంది. పప్పు ధర తెలిసినంత బాగా మనకు కూలి రేటు తెలుసా? వాళ్లకు చేతి తొడుగులు, పొగ బయటకు పోయే గొట్టం, మరుగుదొడ్డి, జబ్బు చేసిన రోజున ఈఎస్ఐ కార్డు ఉన్నాయో లేవో అడిగామా? ఆ పెట్టుబడిదారులూ మనవాళ్లే, కష్టపడి పైకి వచ్చినవాళ్లే. వాళ్ల మీద నాకు పగ లేదు. లాభంలో ఎగువన ఉన్నవాడికి దిగువన ఉన్న చేతి మీద బాధ్యత ఉంటుందని మాత్రమే నా మనవి.

ఈ తీరం పెద్దలు ఇలాంటి బాధ్యతను ప్రాణం పెట్టి మోశారు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ మన పలాసలో జరిగింది. దేశం నలుమూలల నుంచి రైతు నాయకులు ఈ మారుమూలకు వచ్చారు. ఆ తరువాత కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగాయి. అడవి నుంచి కట్టెలు తెచ్చుకునే హక్కు కోసం నిలబడ్డ ఊరది. పోలీసులు రైతులను పట్టుకుపోతుంటే సాసుమాన గున్నమ్మ అడ్డుపడింది. ఆమె అప్పటికి నిండు గర్భిణి. తుపాకీ గుండు ఆమెను పొట్టన పెట్టుకుంది. ఆమెతో పాటు మరికొందరు నేలకొరిగారు. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న జమీందారీలకు ఎదురునిలిచి, జైళ్లలో మగ్గి, సర్దార్ అనిపించుకున్నాడు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి కొండమీది సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో పిల్లలకు వాచకాలు రాశాడు, నిఘంటువు కూర్చాడు. ఎవరూ అడగని పని అది. చదువులో తాను ఎగువన ఉన్నానని తెలిసి, దిగువకు చదువు పారించినవాడు ఆయన.

మన కాలంలోనూ ఉన్నారు. సోంపేట బీలను, అంటే అక్కడి చిత్తడి నేలను, థర్మల్ కేంద్రానికి ఇవ్వబోమని అడ్డుపడ్డవాళ్లపై 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని కొట్టివేసింది. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్లీ అదే నెత్తురు. బీలలో చేప పట్టుకునేవాడు, తంపరలో గడ్డి కోసుకునేవాడు, దిగువన వరి పండించుకునేవాడు, వీళ్లందరి బతుకూ ఆ నీటిలో ఉంది. బురదనేల, పనికిరాని భూమి అని కాగితం మీద రాసినవాళ్లకు అది కనబడలేదు. అక్కడి ఆడవాళ్లకు కనబడింది.

ఆ తంపరలకు దగ్గర్లోనే, టెక్కలి మండలంలో, తేలినీలాపురం ఉంది. ఏటా గూడబాతులూ రంగుకొంగలూ దూరాల నుంచి వచ్చి ఆ ఊరి చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి, పిల్లలు చేస్తాయి, ఎండలు ముదరకముందే తిరిగిపోతాయి. రెట్ట ఇంటి కప్పు మీద పడుతుంది, కింద రాలిన చేపల కంపు వీధంతా నిండుతుంది. రేయింబవళ్లు గోల. అయినా ఆ ఊరివాళ్లు ఒక్క రాయి విసరరు, విసరనివ్వరు. పక్షులు వచ్చిన ఏడు వానలు బాగుంటాయనీ పంట పండుతుందనీ వాళ్ల నమ్మకం. వాళ్లకు ఎవరూ జీతం ఇవ్వలేదు. బోర్డు పెట్టి భయపెట్టలేదు. తమ గుమ్మం ముందు వాలిన ప్రాణికి తామే పెద్దలమని వాళ్లు అనుకున్నారు. ఊరి గౌరవం ఎలా ఉంటుందో చూడాలనుకున్న పిల్లలను ఆ ఊరికి తీసుకుపోండి. నందిగాం నుంచి ఎంతో దూరం లేదు. గూళ్ల కింద నిలబెట్టి, ఇక్కడివాళ్లు ఏం చేస్తున్నారో, ఏం చేయడం లేదో వాళ్లనే చూసి చెప్పమనండి.

చెత్త గురించి ఎక్కువ చెప్పను. అందరికీ తెలిసిందే, అందరం చూస్తున్నదే. జాతీయ రహదారి అంచున పారబోసిన ప్లాస్టిక్ కవర్లు, కోళ్ల వ్యర్థాలు, పెళ్లి భోజనాల ఆకులు వానకు గెడ్డలోకి, గెడ్డ నుంచి దిగువ చెరువులోకి పోతాయి. మన వీధి మురుగు కాలనీ వీధిలో తేలుతుంది. ఎత్తున ఉన్న వీధికి సిమెంటు కాలువ కట్టించుకుని, దాని మొగను పల్లంలో ఉన్న ఎస్సీ కాలనీ మీదికి తిప్పిన ఊరు తనకు గౌరవం ఉందని చెప్పుకోరాదు. తెల్లవారకముందే బండి తోసుకుంటూ వచ్చి మన చెత్త ఎత్తే హరిత రాయబారికి నెలల తరబడి జీతం ఆలస్యమైతే అడిగే గొంతు ఊళ్లో ఒక్కటైనా ఉండాలి.

భక్తి విషయంలోనూ ఇదే మాట. రావివలస ఎండల మల్లన్న పైకప్పు లేకుండా ఎండలో ఎండి, వానలో తడిసి భక్తులను కాచుకుని ఉంటాడు. కార్తీకంలో ఆయన దగ్గరకు వేలాదిగా పోతాం. మనం తిరిగి వచ్చాక అక్కడి కొలను గట్టున ఏం మిగులుతోంది? 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, కాశీబుగ్గలోని వేంకటేశ్వరాలయంలో జరిగిన తొక్కిసలాటలో భక్తుల ప్రాణాలు పోయాయి. పోయినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ ఇళ్ల కన్నీళ్లు ఇంకా ఆరలేదు. లోపాలు విచారించవలసినవారు విచారిస్తారు. మన సంబరాల్లో, మన జాతరల్లో మాత్రం మనమే పెద్దలం. దారి ఎంత వెడల్పు, లోపలికి వచ్చే తోవ వేరు, బయటకు పోయే తోవ వేరు ఉన్నాయా, ముసలివాళ్లకూ పసిపిల్లల తల్లులకూ విడిగా చోటుందా అన్నవి పందిరి వేయకముందే చూడండి. చందాల్లో తెర మీద పెద్ద బొమ్మలకు పెట్టే డబ్బులో నాలుగో వంతు తీసి మంచినీళ్లకూ, దారి కంచెకూ, వలంటీర్లకూ పెట్టండి. దేవుడు చిన్నబుచ్చుకోడు.

మనకు చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస తీరాన్ని తాకిన రోజులను గుర్తు తెచ్చుకోండి. ముప్పై నలభై ఏళ్లు పెంచిన కొబ్బరి చెట్లు గుంపులు గుంపులుగా కూలిపోయాయి. జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు రోజుల తరబడి లేదు, ఫోన్లు మూగబోయాయి. అప్పుడు మనం ఎలా బతికాం? రోడ్డు మీద పడ్డ చెట్లను కత్తులు పట్టుకుని కుర్రాళ్లే నరికి దారి చేశారు. జనరేటరు ఉన్నవాడు బోరు నడిపి వీధందరికీ నీళ్లు పట్టాడు. బియ్యం ఉన్న ఇల్లు వండింది, లేని ఇల్లు తిన్నది. ఎవరిది ఏ కులమని ఎవరూ అడగలేదు. ఆ తరువాత పరిహారం జాబితాలు వచ్చాయి. చెట్టు లేనివాడి పేరు ఎక్కిందనీ, తోట పోయినవాడి పేరు పోయిందనీ ఫిర్యాదులు లేచాయి. గాలివానలో ఒక్కటైన ఊరు కాగితం దగ్గర విడిపోయింది. మనలో ఆ రెండు ఊళ్లూ ఉన్నాయి. ఏ ఊరికి రోజూ అన్నం పెడితే ఆ ఊరు బలుస్తుంది.

కనుక పని దగ్గరకు రండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. ఏ ఊళ్లోనైనా గ్రామసభ అంటే సర్పంచ్, కార్యదర్శి, పది మంది పెద్దలు కూర్చుని సంతకాలు పెట్టే తతంగంగా మారితే ఆ తప్పు వాళ్లొక్కరిదే కాదు. మనం పోలేదు. పోయినా ఇంటి పట్టా, పింఛను అడిగి లేచి వచ్చేశాం. సొంత అవసరం అడగడం నేరం కాదు. చెరువు ఊసు ఎత్తకుండా లేచి రావడం నేరం. ఆడవాళ్లు ముందు వరుసలో కూర్చోవాలి. డ్వాక్రా సంఘంలో వడ్డీ లెక్క పైసలతో చెప్పగల అక్కకు పంచాయతీ పద్దు అర్థం కాదని ఎవరన్నారు? 2021-26 కాలపు 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలన్నది నియమం. మన పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఈ-గ్రామ్ స్వరాజ్‌లో ఇంట్లో పిల్లాడి ఫోన్లోనే చూడవచ్చు. అక్కడ దొరకని కాగితం కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో అర్జీకి రుసుము లేదు. మండలస్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. కోపంతో అడగవద్దు. దురుసుగా మాట్లాడి కార్యదర్శిని భయపెట్టవద్దు. మర్యాదగా అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి. ఇంటిపన్ను బాకీ పెట్టి లెక్క అడిగేవాడి మాటకు బరువుండదు, ముందు పన్ను కట్టండి.

పార్టీల మాట కూడా చెప్పకుండా పోను. టెక్కలి నియోజకవర్గం రాజకీయం తెలిసిన నేల. 1994లో ఎన్టీ రామారావు ఇక్కడి నుంచి గెలిచాడు. జెండా పట్టుకోవడం మనకు కొత్త కాదు, తప్పూ కాదు. చెరువుకు, కాలువకు, మంచినీటి ట్యాంకుకు జెండా కట్టవద్దు. గెలిచినవాడు ఓడినవాడి వీధికి నీళ్లు ఆపితే, ఓడినవాడు గెలిచినవాడి పని పాడు చేయడానికి పిటిషన్లు పెడితే, మధ్యలో దాహంతో ఉండేది ఇద్దరి పిల్లలే. పంచాయతీకి పోటీ చేస్తానని వచ్చిన తమ్ముణ్ణి ఓటుకు ఎంత అని అడగకండి. ఊరి చెరువు హద్దులు నీకు తెలుసా, పొలం కొలతల పుస్తకం, అదే ఎఫ్ఎంబీ, తీసి చూశావా, శివారు కాలువ ఎక్కడ పూడిందో నడిచి చూశావా అని అడగండి. డబ్బు తీసుకున్న చెయ్యి ఆ ప్రశ్న అడగలేదు. అందుకే తీసుకోకండి.

దూరాన ఉన్న బిడ్డలారా, మీకు ఒక మాట. ఊరికి ఏదైనా చేయాలన్న మీ కోరిక నాకు తెలుసు. గుడికి గంట, వీధికి ముఖద్వారం, సంబరానికి డీజే ఇచ్చారు, సంతోషం. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు ప్రభుత్వ బడికి పొండి. పంతులుగారిని కలిసి పిల్లలకు ఏం కావాలో అడగండి. మీలో సైన్యంలో పనిచేసినవాళ్లు, నర్సులు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఒక పూట ఆ పిల్లల ముందు నిలబడి మీ పని ఏమిటో చెప్పండి. మెళియాపుట్టి, మందస కొండల నుంచి మన సంతలకు చింతపండు, కొండచీపుర్లు తెచ్చే సవర అమ్మ దగ్గర బేరమాడి రూపాయి తగ్గించవద్దు. ఆమె కొండ మీద ఎగువన ఉంది గానీ, ధర దగ్గర మనకు దిగువన ఉంది.

రాబోయే ఉభాలకు ముందు చేయవలసింది చెప్పి ముగిస్తాను. నీటి సంఘాల ఎన్నికలు 2024 డిసెంబరులో జరిగాయి. మీ సంఘం అధ్యక్షుణ్ణి పిలిచి కాలువ గట్టు మీద ఒక పొద్దు సమావేశం పెట్టండి. పూడిక తీత తోక నుంచి మొదలుపెట్టి తల వైపు రండి. గుర్రపుడెక్క ఏరే రోజున ఇంటికి ఒక మనిషి రావాలి. రాలేని ఇల్లు ఒక కూలి ఇవ్వాలి. నీళ్లు వచ్చిన మొదటి రోజున మొదటి తడుపు ఆఖరి మదుము కింది పొలానికి. అది నిండిందని ఆ రైతే వచ్చి చెప్పాక పై మదుము ఎత్తాలి. వంతుల వరస కాగితం మీద రాసి, రాత్రి కాపలాకు రెండేసి మందిని వీధుల వారీగా వేసి, ఆ కాగితం కింద ఎగువ పొలాల రైతులు ముందు సంతకం చేయాలి. నా పొలం ఎగువనే ఉంది. మొదటి సంతకం నాది.